పుస్తకముల లెక్క

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 8:26–40, యోబు 42:7–9, 2 తిమోతి 4:9–18

క్రొత్త సంవత్సరము ప్రవేశించునప్పుడు తీర్మానములు చేసికొనుట మన సంఘములలో పాత అలవాటే. డిసెంబరు 31వ తేది రాత్రి ఆరాధనలో మోకరించి, చుట్ట మానెదమనియు, అప్పు తీర్చెదమనియు, ఉదయకాల ప్రార్థన తప్పకుండ చేసెదమనియు ప్రభువు సన్నిధిని ఒప్పుకొనువారు అనేకులు. ఈ మధ్య కాలమున మన యౌవనస్థుల తీర్మానములలో మరియొకటి చేరినది. ఈ యేడు ఇన్ని పుస్తకములు చదివెదమని వారు ఒక సంఖ్య పెట్టుకొనుచున్నారు. పండ్రెండు అనువారు కలరు. ఇరువదినాలుగు అనువారు కలరు. వారమునకొకటి చొప్పున ఏబదిరెండు అనువారును కలరు. ఎన్ని ముగిసినవో ఎన్ని మిగిలినవో లెక్క వేసి చూపు ఏర్పాటులు చేతి ఫోనులోనే వచ్చినవి.

ఆ పుస్తకములు ఏవని విచారించితిమి. వానిలో ఎక్కువ భాగము ఒకే తెగకు చెందినవి. భయమును జయించుట యెట్లు, తెల్లవారుజామున లేచుట యెట్లు, నలుగురిలో మాటలాడుట యెట్లు, ధనవంతుడగుట యెట్లు అని బోధించునవి. తెలుగులో వీటికి వ్యక్తిత్వ వికాస పుస్తకములని పేరు. బస్సుస్టాండు అంగడిలో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘విజయానికి అయిదు మెట్లు’, బి.వి. పట్టాభిరామ్ గారి పుస్తకములు, ఇంగ్లీషునుండి తర్జుమా అయినవి వరుసగా పేర్చియుండును. అట్టమీద తరచుగా కోటు తొడిగిన మనుష్యుడొకడు మెట్లెక్కుచుండును. మెట్లు దిగుచున్నవాని బొమ్మ వేసిన పుస్తకమును మేమింతవరకు చూడలేదు.

వీటిని గూర్చి సంఘ పెద్దలు రెండు విధములుగా మాటలాడుచున్నారు. లోక జ్ఞానము మనకేల, అవతల పెట్టుమని కొందరు. పిల్లవాడు ఏదో ఒకటి చదువుచున్నాడుగదా, ఊరకుండుడని కొందరు. ఈ రెండు మాటలతోను మేము ఏకీభవింపజాలము. కూలి చేసికొను తలిదండ్రుల పిల్లవాడు ఒక దినపు కూలి డబ్బు పోసి ఒక పుస్తకము కొన్నప్పుడు, అతడు ఏదో వెదకుచున్నాడు. అతడు వెదకుచున్నది అందులో దొరకునా లేదా అని అతనితో కూర్చుండి చూచుట సంఘముయొక్క పని.

ఈ తెగ పుస్తకములకు పేరు తెచ్చినవాడు శామ్యూల్ స్మైల్స్. ఈయన 1812లో స్కాట్లండులోని హాడింగ్టన్ అను ఊరిలో పుట్టెను. చదివినది వైద్యము, తరువాత ఇంగ్లండులోని లీడ్స్ పట్టణమున ఒక వార్తాపత్రికను నడిపెను. ఆయన వ్రాసిన ‘సెల్ఫ్ హెల్ప్’, అనగా స్వయంసహాయము, 1859లో లండనులో అచ్చయ్యెను. మొదటి సంవత్సరములోనే ఇరువదివేల ప్రతులు అమ్ముడుపోయెను. 1871లో జపాను భాషలోనికి కూడ మార్చబడెను. ఇవన్నియు పేరుప్రతిష్ఠల సంగతులు. ఆ పుస్తకము పుట్టిన విధము మాత్రము మన గ్రామ సంఘములు తప్పక తెలిసికొనదగినది.

లీడ్స్ పట్టణములో ఇద్దరు ముగ్గురు బీద యువకులు శీతకాలపు సాయంకాలములయందు పని ముగిసిన పిమ్మట ఒకరికి తెలిసినది మరియొకరికి నేర్పుకొనవలెనని తీర్మానించుకొనిరి. మొదట ఒకని యింటి గదిలో కూడిరి. సంఖ్య పెరుగగా వేసవిలో ఒక తోటలో కూడిరి. మరల చలి వచ్చినప్పుడు తలదాచుకొనుటకు పెద్ద గది కావలసివచ్చెను. దొరికినదేదనగా, కలరా వచ్చిన కాలమున ఆసుపత్రిగా వాడబడి, ఆ భయముచేత ఎవరును అద్దెకు తీసికొనక విడిచిపెట్టిన గది. వారు దానిని అద్దెకు తీసికొని, చదువుటయు వ్రాయుటయు లెక్కలును భూగోళమును ఒకరికొకరు నేర్పుకొనిరి. ఇంచుమించు నూరుమంది అయినప్పుడు వారు స్మైల్స్ గారియొద్దకు వెళ్లి, వచ్చి మాతో కొంచెము మాటలాడుమని అడిగిరి. ఆయన వెళ్లి చెప్పిన ఉపన్యాసములే తరువాత పుస్తకమయ్యెను.

చూడుడి, స్వయంసహాయమను పుస్తకమునకు వేరు పరస్పర సహాయము! ఒక్కడు గదిలో తలుపు వేసికొని తన్ను తాను పైకెత్తుకొనిన కథ కాదది. బీదవారు ఒకరి చేయి ఒకరు పట్టుకొనిన కథ. పుస్తకమునకు పెట్టిన పేరు తనకు చేటు చేసినదనియు, అది స్వార్థమును పొగడు పుస్తకమని జనులు పొరబడిరనియు స్మైల్స్ గారే 1866లోని ముద్రణకు వ్రాసిన పీఠికలో విచారించెను. ఆ పొరబాటు నేటికిని తీరలేదు.

మరియొక మాట. తనకు తాను తోడ్పడువానికి దేవుడు తోడ్పడునను అర్థమిచ్చు సామెతతో ఆ పుస్తకము మొదలగును. ఈ సామెత బైబిలులోనిదని మన కూటములలో అనేకులు తలంచుచున్నారు. ప్రసంగములలో కూడ మేము వినియున్నాము. ఆదికాండము మొదలు ప్రకటన గ్రంథము వరకు వెదకినను అది దొరకదు. లేఖనము తరచుగా దీనికి ఎదురుగా మాటలాడును. తనకు తాను సహాయము చేసికొనలేనివానిని, కోనేటి యొద్ద ముప్పది యెనిమిదేండ్లు పడియుండి నీళ్లలోనికి దింపువాడు లేనివానిని, ప్రభువు తానే వెదకి లేపెను (యోహాను 5).

స్మైల్స్ తరువాత వచ్చినవారు అనేకులు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రపు రైతు కుమారుడగు డేల్ కార్నెగీ 1912లో న్యూయార్కు వై.ఎం.సి.ఏ.లో నలుగురిలో మాటలాడుట నేర్పు తరగతి ప్రారంభించి, 1936లో స్నేహితులను సంపాదించుకొనుటను గూర్చి తన ప్రసిద్ధ పుస్తకమును ప్రచురించెను. నెపోలియన్ హిల్ 1937లో ఆలోచనచేత ధనికుడగుటను గూర్చి వ్రాసెను. న్యూయార్కులో పాదిరిగానుండిన నార్మన్ విన్సెంట్ పీల్ 1952లో అనుకూలముగా తలంచుటయొక్క శక్తిని గూర్చి వ్రాసెను. నేడు మన పిల్లల చేతులలోనున్న పుస్తకములలో పెక్కింటికి వీరు తాతలు.

వీటిలో మంచి లేదా? ఉన్నది. సోమరితనము విడువుము, సమయమును పాడుచేయకుము, మాట నిలుపుకొనుము, కోపము వచ్చినప్పుడు నోరు మూసికొనుము, సంపాదించినదంతయు ఖర్చుచేయకుము: ఇవి మంచి మాటలే. సామెతల గ్రంథము చదివినవారికి ఇవి క్రొత్తవి కావు. సోమరిని చీమయొద్దకు పంపినది ఆ గ్రంథమేగదా (6:6). కార్నెగీ చెప్పినట్లు ఎదుటివాని మాట ఓపికతో వినుట నేర్చుకొన్నయెడల మన సంఘపు కమిటీ కూటములు ఒక గంట ముందుగానే ముగియును.

అయితే ఈ పుస్తకములలో కొన్నింటి అడుగున ఒక బోధ యున్నది. నీ స్థితికి నీ తలంపే కారణము. నీవు బీదవాడవైతే నీవు బీదవానివలె తలంచుటచేతనే. గెలిచినవాడు కోరుకొని గెలిచెను, ఓడినవాడు గట్టిగా కోరుకొనక ఓడెను. ఇది గెలిచినవానికి తియ్యగా నుండును. ఓడినవానికి ఇది ఏమి చేయును?

మేమెరిగిన గ్రామమొకదానిలో డిగ్రీ ముగించిన యువకుడు కానిస్టేబులు ఉద్యోగపు పరీక్ష రెండుసార్లు తప్పెను. ఉదయమే లేచి పరుగెత్తెను, గోడమీద కాగితములు అంటించుకొనెను, విజయమును గూర్చిన పుస్తకములు పదునొకండు ఆ సంవత్సరములో ముగించెను. ఆరాధనకు వచ్చుట మానగా పాదిరిగారు ఇంటికి వెళ్లిరి.

“ఏం బాబూ, కనపడడం లేదు?”

“ఏం లేదండి అయ్యగారూ. ఇదివరకు తప్పితే పరీక్ష కష్టంగా వచ్చిందనుకొనేవాణ్ణి. ఈ పుస్తకాలన్నీ చదివినాక నాలోనే ఏదో లోపముందనిపిస్తోందండి.”

“ఎంతమంది రాశారు బాబూ ఆ పరీక్ష?”

“లక్షల్లో రాశారండి.”

“ఉద్యోగాలో?”

“కొన్ని వేలండి.”

“అయితే మిగిలిన లక్షలమందిలోనూ లోపమేనా?”

ఆ పిల్లవాడు జవాబు చెప్పలేదు. పాదిరిగారు కూడ ఆ దినమున మరేమియు బోధింపక, వాని తల్లి యిచ్చిన టీ త్రాగి, ప్రార్థనచేసి వచ్చిరి. మా యెరుకలో అది మంచి పరామర్శ.

యోబు గ్రంథము ఈ సందర్భమున మరల చదువదగినది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెప్పిన మాటలు విడివిడిగా చూచిన చాలవరకు మంచివే. అందముగా కూడ నుండును. వారు యేడు దినములు నేలమీద కూర్చుండి మౌనముగా నున్నంతకాలము మంచి స్నేహితులే. నోరు తెరచి, నీకు వచ్చిన కష్టమునకు కారణము నీలోనే యున్నదని నిరూపింప బూనినప్పుడు వారు చెడిపోయిరి. కడపట దేవుడు కోపించినది యోబుమీద కాదు, వారిమీద (42:7). పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇది వీని పాపమా వీని కన్నవారి పాపమా అని అడిగిన శిష్యులకు ప్రభువు ఆ రెండును కాదని సెలవిచ్చెను (యోహాను 9:3).

2023 డిసెంబరు 5వ తేదిన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు కోసి కుప్పవేయక పొలములోనే పనలమీద నున్న వరి ఎంత తడిసి మొలకెత్తెనో మన రైతులెరుగుదురు. ఆ కౌలురైతు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచువాడే. కష్టపడువాడే. ఏ తలంపు మార్చుకొన్నయెడల ఆ వాన నిలిచియుండును? అతనికి కావలసినది అతని తలంపును సవరించు పుస్తకము కాదు. నష్టపరిహారము, కౌలు తగ్గింపు, ధాన్యము ఆరబోయుటకు నాలుగు చేతులు. కొందరు ప్రసంగికులు ఈ బోధకే యేసు నామము తగిలించి, విశ్వాసముంటే ధనము వచ్చును, రాకుంటే విశ్వాసము లేదని చెప్పుచు ఊరూర తిరుగుచున్నారు. అట్టకు కోటు మనుష్యుని బొమ్మకు బదులు సిలువ బొమ్మ వేసినంతమాత్రమున లోపలి సరకు మారదు.

ఇక సంఖ్యను గూర్చి చూతము. ఇన్ని చదువవలెనని పెట్టుకొనుట తప్పు కాదు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14:28). లెక్క లేని చదువు మొదటి వారములోనే ఆగిపోవుట మనమందరము చూచినదే. బైబిలులో 1189 అధ్యాయములున్నవి. పాత నిబంధనలో 929, క్రొత్త నిబంధనలో 260. పని దినములలో మూడు, ఆదివారమున అయిదు చొప్పున చదివినయెడల ఒక సంవత్సరములో ముగియును. నాలుగు సువార్తలలో 89 అధ్యాయములు. దినమునకొకటి చదివిన జనవరితో మొదలుపెట్టి మార్చి నెలాఖరుకు ముగియును. ఇట్టి లెక్కలు చదువరికి ఊతకర్రలు.

ఈ ఊతకర్రను చేసినవారిలో ప్రసిద్ధుడు రాబర్ట్ మర్రే మక్షేన్. స్కాట్లండులోని డండీ పట్టణమున సెయింట్ పీటర్స్ సంఘమునకు ఈయన కాపరి. 1842 సంవత్సరాంతమున తన సంఘస్థులకొరకు ఒక పట్టిక వ్రాసి యిచ్చెను. దినమునకు ఇంచుమించు నాలుగు అధ్యాయములు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధనయు కీర్తనలును రెండుసారులు ముగియును. ఇప్పటికిని లోకమంతట దీనిని అనుసరించువారున్నారు. అయితే పట్టికను మెచ్చుకొనువారు పెక్కుమంది దాని ముందు ఆయన వ్రాసిన హెచ్చరికలను చదువరు. తన పట్టికలో అపాయములు కలవని ఆయన తానే చెప్పెను. చదువు వట్టి ఆచారమైపోవచ్చును. నేటి భాగము ముగించితిని అన్న తృప్తియే భక్తియని మనుష్యుడు మోసపోవచ్చును. త్వరత్వరగా అజాగ్రత్తగా చదువవచ్చును. కొందరికి అది మోయలేని కాడి కావచ్చును. తాను అమ్ము సరకులోని లోపములను సరకుతోకూడ మూటగట్టి యిచ్చు వర్తకులు అరుదు! ఆ పట్టిక ప్రకారము చదువుట 1843 జనవరిలో మొదలాయెను. మార్చి 25వ తేదిన టైఫస్ జ్వరముచేత మక్షేన్ గారు మరణించిరి, వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు. తన పట్టికలో మూడు నెలలైనను నిండలేదు. లెక్క ముగించనివారిలో దానిని వ్రాసినవాడును ఒకడు.

ఈ అపాయములు బైబిలు పట్టికకే కాదు, ఇరువదినాలుగు పుస్తకముల తీర్మానమునకు కూడ వర్తించును. నవంబరు వచ్చుసరికి లెక్క వెనుకబడును. అప్పుడు పలుచని పుస్తకములు ఏరుకొందురు. పేజీలు దాటవేయుదురు. ఫోనులో పది నిమిషములు ఒక పుస్తకపు సారాంశము విని దానిని కూడ లెక్కలో వేయుదురు. పెండ్లి భోజనమునకు వెళ్లి, వడ్డించిన కూరల పేర్లు వ్రాసికొని వచ్చినట్లుండును. ఏ పుస్తకమైతే మనలను నిలిపి, రెండవసారి చదివించి, రాత్రి నిద్రపట్టనీయక చేయునో, అది లెక్కకు శత్రువగును. దానిని చదువరి తప్పించుకొని తిరుగును. మాకు దీనియందు కలిగిన విచారమంతయు ఇదియే.

ఇప్పుడు ఐతియొపీయుడైన నపుంసకుని చూడుడి. ఇతడు కందాకే రాణియొక్క ధనాగారమంతటిమీద నున్న అధికారి. చదువు గలవాడు, రథము గలవాడు, గ్రంథపుచుట్టను కొనగల ధనము గలవాడు; ఆ దినములలో అది సామాన్యుని వల్ల కాదు. యెరూషలేమునుండి గాజాకు పోవు అరణ్యమార్గమున యెషయా గ్రంథము చదువుచుండెను. ఫిలిప్పు పరుగెత్తుకొనిపోయి వినగలిగెను గనుక అతడు పైకి చదువుచుండెనని తెలియుచున్నది. ఎంత ముగించెనో లూకా వ్రాయలేదు. ఎక్కడ ఆగిపోయెనో వ్రాసెను. గొర్రెవలె తేబడినవానిని గూర్చిన ఆ కొలది మాటలయొద్ద అతడు ఆగిపోయెను.

అక్కడ ఫిలిప్పు ఒక ప్రశ్న వేసెను. ఎన్ని అధ్యాయములైనవని కాదు, గ్రహించుచున్నావా అని. దానికి ఆ పెద్ద అధికారి చెప్పిన జవాబును మన యౌవనస్థులు జాగ్రత్తగా గమనింపవలెను. ఎవడైనను త్రోవ చూపకుంటే తనకు గ్రహించుట ఎట్లు సాధ్యమని అతడు ఒప్పుకొనెను. ఒప్పుకొని, దుమ్ములో కాలినడకన వచ్చిన మనుష్యుని రథమెక్కి తనతో కూర్చుండుమని వేడుకొనెను. స్వయంసహాయపు పుస్తకములలో ఈ పాఠము దొరకుట కష్టము. తెలియదని చెప్పుటకు, తనకంటె తక్కువవానిగా కనబడువానియొద్ద నేర్చుకొనుటకు కావలసిన ధైర్యమే ఆ దినమున అతనికి మేలు చేసెను. ఆ ఒక్క భాగము అర్థమైన తరువాత అతడు గ్రంథములోని మిగిలిన భాగముకొరకు తొందరపడలేదు. నీళ్లు కనబడగా రథము నిలుపుమని ఆజ్ఞాపించెను.

పౌలు సంగతియు ఇట్టిదే. చెరసాలలో, చలికాలము దగ్గరపడుచుండగా, లూకా తప్ప తనతో ఎవరును లేరని వ్రాసిన పత్రికలోనే ఆయన తిమోతిని రెండు వస్తువులు తెమ్మనెను: త్రోయలో కర్పునొద్ద విడిచివచ్చిన అంగీ, పుస్తకములు. చర్మపు కాగితములను ముఖ్యముగా తెమ్మనెను. మరణము సమీపించినదని యెరిగినవాడు పుస్తకములు అడిగెను; అవి ఆయన లెక్కను పెంచుటకు కావు. అంతటి పరిశుద్ధుడు చలికి అంగీ కావలెనని మొగమాటము లేక అడిగెను. మార్కును వెంటబెట్టుకొని రమ్మని కూడ అడిగెను.

మన సంఘములకు ఒక ప్రత్యేకమైన సంగతి యున్నది. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు దాటినవారిలో నూటికి ఇంచుమించు 67 మంది మాత్రమే అక్షరాస్యులు. మన పల్లెలలో పెద్దవయస్సు స్త్రీలలో చదువురానివారు నేటికిని అనేకులు. అయినను వారిలో కీర్తనలు కంఠతః చెప్పువారు, ఒక ఉపమానమును మొదటినుండి కడవరకు మాట తప్పకుండ చెప్పువారు కలరు. పుస్తకముల లెక్క వేసినయెడల ఈ అమ్మలకు సున్న వచ్చును. ప్రకటన గ్రంథము ఆరంభమున చదువువానికిని వినువారికిని కూడ ధన్యత చెప్పబడినది (1:3). అక్కడ చదువువాడు ఒక్కడు, వినువారు అనేకులు. మొదటి సంఘములు అట్లే యుండెను. లీడ్స్ పట్టణపు ఆ చలి గదియు అట్లే యుండెను.

కాబట్టి సంఖ్య పెట్టుకొనినవారు దానిని చెరిపివేయ నక్కరలేదు. ఇరువదినాలుగును ఆరు చేసికొనుటకు మాత్రము సిగ్గుపడవద్దు. ఆ ఆరింటిలో ఒకటి రెండుసారులు చదువుడి. ఒకటి మీ తలిదండ్రుల వృత్తిని గూర్చినదై యుండవలెను: నేలను గూర్చియో, పశువులను గూర్చియో, మగ్గమును గూర్చియో. ఒకటి ఓడిపోయినవాని జీవితచరిత్రమై యుండుట మేలు. విజయపు పుస్తకము ఒకటి చదువదలచినచో చదువుడి. చదువుచున్నప్పుడు అంచున పెన్సిలుతో, ఇది మా యూరి కౌలురైతు విషయమున నిజమగునా అని ప్రశ్న వ్రాసికొనుడి. ప్రతి పుస్తకమును కొననక్కరలేదు. మండలములోని శాఖా గ్రంథాలయమున ఎవరును తాకని మంచి పుస్తకములు దుమ్ము పట్టియున్నవి. సభ్యత్వమునకు వెళ్లి అడుగుడి. యౌవనస్థుల కూటమువారు ఒకే పుస్తకమును నలుగురు కలిసి కొని, వారమునకొక అధ్యాయము పైకి చదివి మాటలాడుకొనినయెడల, ఖర్చు నాలుగవ వంతు అగును. వాదనలు మాత్రము నాలుగంతలగును, అది మంచిదే.

ఈ నెలలో స్త్రీల సమాజమును యౌవనస్థుల కూటమును కలిసి మార్కు సువార్త పదునారు అధ్యాయములు చదువవలెనని కోరుచున్నాము. రాత్రి భోజనమైన తరువాత, ఒక్కొక్క యింట, దినమునకొకటి చాలును. చదువగలవారు చదువనేరనివారిని ఇద్దరినైనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని పైకి చదువవలెను. చదివిన వెంటనే వివరింపక, వినినవారు ఏమి వినిరో ముందుగా వారినే చెప్పనియ్యవలెను. అర్థము కాని చోట్లను, అధ్యాయము వచనము సంఖ్యలతో, ఒక నోటుపుస్తకములో వ్రాసి ఉంచి, పాదిరిగారు గ్రామమునకు వచ్చినప్పుడు ఆయన ముందు పెట్టుడి. అక్కడ తేలనివాటిని మాకు పంపినయెడల వచ్చు సంచికలలో వీలునుబట్టి చేపట్టెదము.